కొసరు ఎవరి ఖర్చు?

చిరంజీవి మేనల్లుడికి,

గ్రూప్స్ పరీక్ష కోసం నువ్వు చేసి పంపిన లెక్కలు చూశాను. మామూలు లాభనష్టాలు చకచకా చేసేశావు. ‘ఉచితం’ అన్న మాట కనబడిన చోటల్లా తడబడ్డావు. సూత్రాలు తెలియక కాదు, ఏది ఎక్కడ వాడాలో తేలక. కాసేపు ఆ సూత్రాల కాగితం పక్కన పెట్టి, నా కొట్లో గల్లా దగ్గర కూర్చున్నట్టు ఆలోచించు.

పుచ్చుకునేవాడికి కొసరు ఊరికే వస్తుంది. ఇచ్చేవాడు మాత్రం దాన్నీ డబ్బు పెట్టే కొన్నాడు. అందుకని లెక్క చదవగానే రెండు ప్రశ్నలు వేసుకో: వ్యాపారి జేబులోంచి ఎంత పోయింది? గల్లాలోకి ఎంత వచ్చింది? లాభమైనా నష్టమైనా శాతం కట్టేది పోయిన డబ్బు మీదే.

కొన్న ధరకే సబ్బులు అమ్ముతూ, నాలుగు కొంటే ఒకటి ఉచితం అన్నాననుకో. ఐదు సబ్బుల డబ్బు పోయింది, నాలుగింటిది వచ్చింది. ఐదు మీద ఒకటి, అంటే 20 శాతం నష్టం. అదే నాలుగుకి ఒకటి ఏజెంటు నాకు స్కీముగా ఇచ్చాడనుకో. నాలుగింటి డబ్బు కట్టి ఐదు అమ్ముకున్నాను. నాలుగు మీద ఒకటి, అంటే 25 శాతం లాభం. రెండుచోట్లా కొసరు ఒక్క సబ్బే. ఖర్చు ఎవరిదన్నదాన్ని బట్టి భాగించే అంకె మారింది.

కొనేవాళ్ల రాయితీ అడిగితే మాత్రం మొత్తం సరుకు విలువ మీద కట్టాలి. ఆషాఢం సేల్లో ఒకే ధర చీరలు మూడు కొంటే ఒకటి ఉచితమన్నారంటే, చేతికొచ్చినవి నాలుగు. కాబట్టి రాయితీ 25 శాతం. నువ్వు పెట్టిన 33⅓ తప్పు.

కొసరు రెండువైపులా ఉన్న లెక్క చూడు. ఏజెంటు పన్నెండుకు మూడు ఇచ్చాడు. వ్యాపారి తొమ్మిదికి ఒకటి ఇస్తూ కొన్న రేటుకే అమ్మాడు. పదిహేనుకీ పదికీ సరిపోయేలా 30 వస్తువులు అనుకో. వాటికి కట్టింది 24 వస్తువుల డబ్బు, వచ్చింది 27 వస్తువుల డబ్బు. ఇరవై నాలుగు మీద మూడు, 12½ శాతం లాభం. ఈ క.సా.గు. ఎంచుకోవడం ఒక్కటి అలవాటైతే భిన్నాల బాధ ఉండదు.

ధర ఎంత పెంచి వేయాలి అని అడిగే లెక్కల్లో వల ఉంటుంది. డజనుకు ఒకటి ఉచితంగా ఇచ్చి కూడా 20 శాతం లాభం రావాలన్నారు. ఇరవైకి, పన్నెండో వంతు అయిన 8⅓ కలిపి 28⅓ అని రాశావు. ఆ అంకె ఆప్షన్లలో కావాలనే పెడతారు. ఒక్కోటి 10 రూపాయలనుకో. పదమూడింటికి పెట్టుబడి 130, లాభంతో కలిపి 156 రావాలి. డబ్బిచ్చేది పన్నెండింటికే కనుక ఒక్కోటి 13 రూపాయలు. పెంచాల్సింది 30 శాతం.

పాలలో నీళ్లు కలిపే లెక్కా ఈ జాతిదే. నీళ్లకు ఖర్చు లేదు. పాలు కొన్న రేటుకే అమ్మి 25 శాతం లాభం పొందాడంటే, నాలుగు లీటర్ల పాల డబ్బు పెట్టి ఐదు లీటర్లది వసూలు చేశాడన్నమాట. నీళ్లు, పాల నిష్పత్తి 1:4. ఏజెంటు స్కీము సబ్బు ఇచ్చిన లెక్కకీ దీనికీ తేడా లేదు, న్యాయంలో తప్ప.

ఇకపై ప్రతి లెక్కకీ మార్జిన్‌లో ‘పోయింది’, ‘వచ్చింది’ అని రెండు గడులు గీసి, అవి నిండాకే ఆప్షన్లు చూడు. ఈ ఒక్కటి చేసి పంపు: ఏజెంటు పదికి రెండు ఉచితంగా ఇచ్చాడు, నేను పన్నెండింటినీ బిల్లు రేటు మీద 10 శాతం తగ్గించి అమ్మాను. నాకు లాభమెంత శాతం? ఇరవైలోంచి పది తీసేసి పది అని రాశావంటే, ఈ ఉత్తరం మళ్లీ మొదటినుంచి చదవాల్సిందే.

ఇట్లు,
నీ మామయ్య