ఏ సెల్లు కొనాలి?

టార్చిలైటుకు సెల్లులు కావాలి. రేడియోకు కావాలి. పిల్లలు ఆడుకునే రిమోటు కారుకూ కావాలి. మామూలు సెల్లు అయిపోతే పారేస్తాం. ఛార్జింగు సెల్లు అలా కాదు. కరెంటు పెట్టి మళ్లీ నింపుకోవచ్చు. కొన్ని వందల సార్లు వాడుకోవచ్చు.

సెల్లు మీద అక్షరాలు ఇంగ్లీషులో ఉంటాయి. అంకెలు మాత్రం మనకు వచ్చినవే. రెండు అంకెలు చదివితే చాలు, మోసపోం.

మొదటి అంకె: వోల్టులు

మామూలు సెల్లు మీద 1.5 అని ఉంటుంది. నికెల్ రకం ఛార్జింగు సెల్లు మీద 1.2 అని ఉంటుంది. కారులో 4 సెల్లులు వేస్తే 4.8 వోల్టులు. చాలా బొమ్మలకు ఇది సరిపోతుంది.

3.7 అని ఉంటే అది లిథియం సెల్లు. ఇదీ పెన్సిల్ సెల్లు సైజులో దొరుకుతుంది. ఇవి 4 వేస్తే 14.8 వోల్టులు! బొమ్మ కాలిపోతుంది. సైజు చూసి కొనకూడదు. అంకె చూసి కొనాలి.

రెండో అంకె: ఎంత నిలవ ఉంటుంది?

2000 అని ఉందనుకుందాం. ఇది బిందె సైజు లాంటిది. కారు గంటకు 500 వాడితే 4 గంటలు నడుస్తుంది.

అంకె పెద్దదైతే మంచిదేనా? పెన్సిల్ సెల్లు మీద 4000, 5000 అని ఉంటే నమ్మకండి. నికెల్ రకంలో అంత పట్టదు. ఇంకో సంగతి. కొన్ని సెల్లులు ఓటికుండల్లాంటివి. వాడకపోయినా ఖాళీ అవుతాయి. నిలవ ఉండే రకాన్ని 2005లో జపాన్‌లో సాన్యో కంపెనీ తెచ్చింది. ఇవి ఛార్జి చేసే అమ్ముతారు. ఏడాది తర్వాత కూడా చాలావరకు నిండుగా ఉంటాయి.

"అంకె పెద్దది, ఇదే తీసుకోమ్మా" అంటాడు దుకాణదారు. "ఇది 1.2 దేనా అన్నా? ఛార్జి చేసి అమ్మేదేనా?" అని అడగాలి.

నాలుగూ ఒకటిగా ఉండాలి

రిమోటు మాట వినే చిన్న పెట్టె కారులో ఉంటుంది. దాని పేరు రిసీవరు. ఇంజనుతో నడిచే పెద్ద బొమ్మకార్లలో రిసీవరుకు విడిగా 4 లేక 5 సెల్లులు వేస్తారు. సెల్లులు నీరసపడితే కారు మాట వినదు. వేగంగా పోయి పిల్లల కాళ్లకు తగలొచ్చు. ఒక్క సెల్లు చెడినా మిగతావి పనికిరావు. అందుకే అన్నీ ఒకే రకం, ఒకే అంకె, ఒకేసారి కొన్నవి వేయాలి. పాతవీ కొత్తవీ కలపకూడదు.

జాగ్రత్తలు

1. పారేసే మామూలు సెల్లును ఛార్జరులో పెట్టకూడదు. కారుతుంది, పగలవచ్చు.
2. నికెల్ సెల్లు ఛార్జరులో లిథియం సెల్లు పెట్టకూడదు.
3. సెల్లులను పొయ్యిలో, మంటలో వేయకూడదు.
4. బిళ్ల సెల్లు పిల్లలు మింగితే ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

లెక్క చేద్దాం

మామూలు సెల్లు 20 రూపాయలు అనుకుందాం. నెలకు 4 కొంటే 80 రూపాయలు. ఛార్జరు, 4 ఛార్జింగు సెల్లులు కలిపి 1200 రూపాయలు అనుకుందాం. 15 నెలల్లో ఆ డబ్బు తిరిగి వస్తుంది. ఆ తర్వాత మిగులే.

గోడ గడియారానికి మామూలు సెల్లే చాలు. ఒకటి వేస్తే చాలా నెలలు వస్తుంది.

ఆలోచించండి – చెప్పండి

1. మీ ఇంట్లో నెలకు ఎన్ని సెల్లులు కొంటారు? ఎంత ఖర్చు?
2. మీ ఇంట్లో ఉన్న సెల్లు మీద ఏ అంకెలు ఉన్నాయి? చూసి రాయండి.
3. 1.2 వోల్టుల సెల్లులు 5 వేస్తే మొత్తం ఎంత?