బాపు జీపు: దేన్ని ఉంచాలి, దేన్ని మార్చాలి?

 

ఈసారి పాఠం ఒక పాత జీపు గురించి. ధమ్మం చెప్పుకునే చోట జీపు ముచ్చట ఎందుకని మీరు అడగొచ్చు. మన ఇళ్లల్లో అమ్మానాన్నలు వదిలిపోయిన వస్తువు ఏదో ఒకటి ఉంటుంది. ఒకరింట్లో కుట్టుమిషను, ఒకరింట్లో సైకిలు. దాన్ని ఏం చెయ్యాలో తోచక మూలకు పెడతాం. నాకు దక్కింది ఒక మహీంద్రా జీపు. దాన్ని బాగు చేయించే పనిలో నేను మూడు తప్పులు చెయ్యబోయాను. ఆ మూడింటినీ దాచకుండా మీ ముందు పెడుతున్నాను.

జీపు ఎట్లా వచ్చింది?

మహీంద్రా వాళ్లు మన దేశంలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది 1947లో. ఆ వంశంలో తర్వాత వచ్చిన ఎంఎం 540 మోడల్ మాది. ప్యూజో డీజిల్ ఇంజిన్, 2112 సీసీ. ముందు చక్రాలకు కూడా ఇంజిన్ బలం అందే బండి. మా బాపు దాన్ని సర్కారు వేలంలో కొన్నడు.

మా ఊరికీ పెద్ద రోడ్డుకూ మధ్యన వాగు. వానాకాలం మా వాడలో ఎవరికైనా కాన్పు నొప్పులొస్తే, ఊళ్లె బండ్లున్నోళ్లు ఎడ్లను కట్టేటోళ్లు కాదు. జీపు వచ్చినంక ఎవరి గుమ్మం ముందూ చేతులు కట్టుకొని నిలబడే పని లేకుండా పోయింది. ధమ్మచక్ర ప్రవర్తన దినానికి నాగపూర్ దీక్షాభూమికి పోయింది కూడా అందులోనే.

బాపు పోయినంక జీపు వేపచెట్టు కింద ఆరేండ్లు నిలబడ్డది. మా చిన్నమ్మ దానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. తమ్ముడు పాత ఇనుము కింద అమ్ముదామన్నడు. నేను నిమ్మకాయ తీసేసిన, అమ్మడానికీ ఒప్పుకోలేదు. నిమ్మకాయ కట్టినా కట్టకపోయినా తుప్పు పడుతూనే ఉంటుంది కదా!

మొదటి తప్పు: కారణం వెతక్కుండా ఖర్చు

చాన్నాళ్లు ఆగిన ఇంజిన్‌ను ఒకేసారి సెల్ఫ్ కొట్టి లేపొద్దు. లోపల రింగులు తుప్పుకు అతుక్కొని ఉంటే విరిగిపోతాయి. మా మేస్త్రి ముందుగా హీటర్ ప్లగ్గులు విప్పి, నాలుగు సిలిండర్లలో కొంచెం కొంచెం ఆయిల్ పోసి, రెండు రోజులు వదిలేసిండు. తర్వాత పానా పెట్టి చేత్తోనే మెల్లగా తిప్పిండు. తిరిగింది. పాత డీజిల్, పాత ఆయిల్ తీసేసి, కొత్తవి పోసి, బ్యాటరీ పెడితే స్టార్ట్ అయింది. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

కానీ రెండు కిలోమీటర్లు నడిచి ఆగిపోయేది. పది నిమిషాలు ఆగితే మళ్లీ లేచేది. పట్నంలో ఒకాయన "పంపు పోయింది, మార్చాల్సిందే" అన్నడు. నేను అడ్వాన్స్ ఇయ్యడానికి కూడా సిద్ధమైన. మా మేస్త్రి ఆపిండు.

"ఆగు తమ్మీ. పంపు పోతే పది నిమిషాలకే ఎట్ల బాగైతది? దార్ల ఏదో అడ్డం పడ్తాంది, ఆగంగనే కిందికి జారుతాంది."

డీజిల్ ట్యాంకు దించి చూస్తే గుప్పెడు తుప్పు పెచ్చులు. సగం ఖాళీ ట్యాంకులో ఆరేండ్లు తేమ చేరితే అంతే మరి. బండి నడుస్తుంటే పెచ్చులు పోయి పైపు మూతికి అతుక్కునేవి. ట్యాంకు కడిగి, కొత్త ఫిల్టర్ వేసి, డీజిల్ లైన్లో బుడగలు ఆగేదాకా గాలి తీసినం. బండి మళ్లీ ఆగలేదు.

బాధ ఉంది. బాధకు కారణం ఉంది. కారణం తీసేస్తే బాధ ఆగుతుంది. తీసే దారి ఉంది. మనం వందనలో చెప్పుకునే మాటలకు షెడ్డులో అర్థం ఇదే. కనబడ్డదాని మీద నింద వేస్తే జేబు ఖాళీ అవుతుంది, బాధ మాత్రం పోదు.

రెండో తప్పు: ప్రేమ పేరుతో పాతది పట్టుకోవడం

బాపు చెయ్యి తగిలిన ప్రతిదీ అట్లనే ఉండాలని నా పంతం. మేస్త్రి చక్రాలు విప్పిండు. బ్రేకు సిలిండర్లలో రబ్బర్లు గట్టిపడ్డయ్, పైపులు తుప్పు పట్టినయ్. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను లాగుతుంది, ఆ తేమతో లోపల్నుంచే తుప్పు పుడుతుంది. అయినా నేను "పాత పైపులు సాఫ్ చేసి పెట్టరాదు?" అన్న.

"బాపు మీద ప్రేమ ఉంటే సీటు ఉంచుకో తమ్మీ. బ్రేకు పైపు ఉంచుకుంటే నీ పిల్లలు కూడా నిన్ను ఫొటోలనే చూస్తరు."

ఆ మాటతో పంతం దిగిపోయింది. బ్రేకు పైపులు, రబ్బర్లు, స్టీరింగ్ జాయింట్లు, వైరింగ్ కొత్తవి వేసినం. టైర్లలో గీతలు బాగానే ఉన్నా, రబ్బరు ఎండి పగిలింది కాబట్టి అవీ మార్చినం. చాసీని సుత్తితో కొట్టి చూసి, బోలుగా పలికిన చోట కోసి కొత్త పట్టీ వెల్డింగ్ చేయించినం. చాసీ నంబరు మీద మాత్రం వెల్డింగు, రంగు పడనియ్యలేదు. ఆఫీసులో తనిఖీకి అదే ఆధారం. ఇంజిన్, గేరుబాక్సు, సీటు, బానెట్ మీది సొట్ట అట్లనే ఉన్నయ్.

మిళింద రాజును నాగసేనుడు అడిగిన ప్రశ్న మీకు గుర్తుండే ఉంటుంది. ఇరుసు రథమా? చక్రాలు రథమా? ఏ ఒక్కటీ కాదు. అన్నీ కలిసి పని చేస్తున్నప్పుడు పెట్టుకున్న పేరే రథం. మరి బాపు ఆ బ్రేకు పైపులో ఉన్నడా? లేడు. రాత్రిపూట వాగు దాటించిన ఆ పనిలో ఉన్నడు.

మూడో తప్పు: చిన్న అబద్ధమే కదా!

ఆర్‌సీ బాపు పేరు మీదనే ఉంది. ఒక బ్రోకర్ సలహా ఇచ్చిండు: "29, 30 ఫారాల మీద మీ బాపు సంతకం నువ్వే పెట్టు, పాత తారీకు వెయ్యి. అమ్మినట్టు రాసుకుందాం." పెన్ను చేతిలోకి తీసుకున్న మాట నిజం. నాలుగో శీలం యాదికొచ్చి కింద పెట్టిన.

అసలు పద్ధతి ఇది. యజమాని చనిపోతే వారసులు 30 రోజుల్లోపు రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తెలపాలి. 3 నెలల్లోపు ఫారం 31తో పేరు మార్పుకు దరఖాస్తు చెయ్యాలి. మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల సమ్మతి కావాలి. సొంత బండికి మొదటి 15 ఏండ్లు దాటితే తనిఖీ చేయించి, 5 ఏండ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. నేను ఆలస్యం చేసిన కాబట్టి జరిమానా కట్టిన, తిరగాల్సి వచ్చింది. కానీ చనిపోయిన తండ్రితో అబద్ధం ఆడించలేదు.

ఇంకొకటి మార్చాల్సి వచ్చింది

సమ్మతి సంతకం కోసం అక్క దగ్గరికి పోయిన. పెట్టింది. పెట్టి, "బాపు నాకు ఒక్కనాడు కూడా స్టీరింగ్ ఇయ్యలేదురా" అన్నది. నాకు మాట రాలేదు. అందరినీ వాగు దాటించిన మనిషి, సొంత బిడ్డను మాత్రం పక్క సీట్లోనే కూర్చోబెట్టిండు. అది కూడా తుప్పే. ప్రేమ పేరుతో దాన్ని ఉంచుకోవద్దు.

ఇప్పుడు వాగు మీద వంతెన ఉంది, 108 వస్తుంది. జీపు లోపలి గూడేలకు అధ్యయన తరగతుల పుస్తకాలు మోస్తున్నది. బురదలో ముందు చక్రాల లివర్ వేస్తాం, తారురోడ్డు ఎక్కంగనే తీసేస్తాం. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం తిరుగుతాయి. గట్టి నేల మీద లివర్ వేసే ఉంచితే గేర్లు నలుగుతాయి. ఈ సంగతి ఇప్పుడు మా అక్కకు నాకంటే బాగా తెలుసు. పోయిన వానాకాలం నుంచి స్టీరింగ్ ఆమెదే.

సంఘంలో చర్చించండి

1. మీ ఇంట్లో పెద్దలు వదిలిపోయిన వస్తువు పని చేస్తున్నదా, పూజ అందుకుంటున్నదా?
2. ఈ మధ్య మీరు పడిన ఒక కష్టానికి కనబడ్డ కారణం ఏమిటి? అసలు కారణం ఏమిటి?
3. అమ్మానాన్నల నుంచి వచ్చిన అలవాట్లలో ఉంచాల్సింది ఏది, మార్చాల్సింది ఏది? ఇంట్లో ఆడవాళ్లను ముందు మాట్లాడనివ్వండి.

జై భీమ్!