తాడనము, పారుష్యము, హింస – ధర్మశాస్త్రపాఠమున గృహహింసా విచారణ

స్త్రీపూజను ప్రశంసించు మనుస్మృతి శ్లోకము (3-56) సభలలో తఱచుగా వినబడును. అదే గ్రంథమునందలి అష్టమాధ్యాయములోని 299, 300 శ్లోకములు అంతగా వినబడవు. ఈ రెంటిని కలిపి చదివినప్పుడే గృహహింసను ప్రాచీనులెట్లు చూచిరో, మనమెట్లు చూడవలసియున్నదో స్పష్టమగును. ఆ విషయమును సంగ్రహముగా పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

తప్పు చేసిన భార్యను, పుత్రుని, దాసుని, సేవకుని, తోడబుట్టిన తమ్ముని త్రాటితోగాని వెదురుబద్దతోగాని కొట్టవచ్చునని మొదటి శ్లోకతాత్పర్యము. వీపుపైననే కొట్టవలెను, తలపై ఎంతమాత్రము కూడదు, ఈ హద్దు మీరినవాడు చౌర్యదోషము పొందునని రెండవదాని తాత్పర్యము. కౌటిలీయార్థశాస్త్రము ధర్మస్థీయాధికరణమున (3-3) వినయము నేర్పుటలో పరుషవాక్కులు కూడదని చెప్పి, వెదురుబద్ద, త్రాడు, చేయి వీనిలో నొకదానితో వీపుపై మూడు దెబ్బలకు అనుమతించినది. ఆ మేర దాటినచో వాక్పారుష్య దండపారుష్యములకు విధించు శిక్షలో సగము విధించినది.

ఇందు రెండంశములు గమనింపదగినవి. హద్దు నిర్ణయించుటచేతనే, ఇంటిలోని దెబ్బ హద్దు మీరునని శాస్త్రకారులెఱిగియుండిరని తెలియుచున్నది. గృహము రాజశాసనమునకు పూర్తిగా వెలుపలిదని వారు తలంపలేదు. ఇది మొదటిది. హద్దులోపలి దెబ్బకు హింస యను పేరే లేకపోవుట రెండవది. అది శిక్షణగా పరిగణింపబడినది.

వ్యవహారము చతుష్పాత్తని స్మృతులు చెప్పుచున్నవి. అభియోగము, ఉత్తరము, సాక్ష్యాది ప్రమాణము, నిర్ణయము అనునవి ఆ నాలుగు పాదములు. గృహతాడనమున అభియోగము మోపువాడు, నిర్ణయించువాడు, కొట్టువాడు, దెబ్బలు లెక్కించువాడు ఒక్కడే. దెబ్బ తినునామెకు ఉత్తరపాదము లేదు. అసలు లోపమిచ్చటనే యున్నది. దెబ్బల సంఖ్యను తగ్గించుటచే ఇది తీరునది కాదు.

2005లో చేయబడి, 2006 అక్టోబరు 26 నుండి అమలులోనున్న గృహహింస నుండి మహిళల రక్షణ చట్టము ఈ లోపమును సవరించినది. శారీరక, లైంగిక, వాచిక–మానసిక, ఆర్థిక హింసలను నాల్గింటిని అది పేర్కొన్నది. వాచిక, శారీరక భేదములు వాక్పారుష్య దండపారుష్యములను స్మరింపజేయును. స్త్రీధనమును హరించుట ఆర్థికహింసలో చేరినది. స్త్రీధనముపై బ్రతుకు బంధువులను మనువు (3-52) నిందించియున్నాడు. కాని ఈ చట్టమున అనుమతింపబడిన దెబ్బ యనునది లేదు. భార్యయేగాక తల్లి, సోదరి, కుమార్తె కూడ మేజిస్ట్రేటును ఆశ్రయించి రక్షణ, నివాస, ఆర్థికసహాయముల కొఱకు ఉత్తర్వులు కోరవచ్చును. భర్తగాని అతని బంధువులుగాని చేయు క్రూరత్వము 1983 నుండి భారత శిక్షాస్మృతి 498-ఎ సెక్షను క్రింద నేరమైనది. 2024 జూలై 1 నుండి అది భారతీయ న్యాయసంహిత 85వ సెక్షనున నున్నది.

ఈ విచారణ అధ్యాపకులకు పాఠమునకు మాత్రమే పరిమితము కాదు. వివాహితయైన విద్యార్థిని గాయముతో తరగతికి వచ్చినచో, హఠాత్తుగా చదువు మానదలచినచో, "నీవేమి చేసితివమ్మా?" యని అడుగుట సహజముగా జరుగును. ఆ ప్రశ్న 299వ శ్లోకమువలె అపరాధమును ముందే ఊహించుచున్నది. "ఇంటికి పోవుటకు భయముగా నున్నదా?" యని ఏకాంతమున అడుగుట మేలు. ఆమె చెప్పినది నమ్మి వినవలెను. ఆమె నడుగకుండ భర్తను పిలిపించి రాజీ చేయబోయినచో ప్రమాదము పెరుగవచ్చును. 181 సహాయవాణిని, రక్షణాధికారిని గూర్చి ఆమెకు తెలుపవలెను. సద్భావముతో రక్షణాధికారికి సమాచారమిచ్చినవారికి ఏ బాధ్యతయు లేదని చట్టము నాల్గవ సెక్షను చెప్పుచున్నది. బాలబాలికల విషయమున 1098 కలదు.

299వ శ్లోకమును దాచి 56వ శ్లోకమును మాత్రమే బోధించుట శాస్త్రభక్తి కాజాలదు. ఇంట దెబ్బలు తినుచు తరగతిలో స్త్రీపూజను గూర్చి వినుచున్న విద్యార్థిని, తన బాధకు శాస్త్రమున పేరే లేదనుకొనును. రెంటిని బోధించి, తాడనమునకు హింస యని పేరిడినప్పుడు, ఆమెకు లేకపోయిన ఉత్తరపాదము మన తరగతిలోనే లభించును.