పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చే దారులు
(సందేహాలు - సమాధానాలు)

ఈసారి ఉత్తరాలు వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చినా అడిగింది ఇంచుమించు ఒకటే: సెలవు ఒక్కరోజే, చేతిలో డబ్బు తక్కువ, దగ్గర్లో చూడటానికి ఏముంది?

ఎనిమిదేళ్లు, పదకొండేళ్ల పిల్లలు ఇద్దరు. ఆదివారం వస్తే చాలు మాల్‌కి పోదామంటారు. మాకు కారు లేదు. వాళ్లకు విసుగు పుట్టని చోటు ఏదైనా చెప్పండి.
– ఒక తల్లి, మల్కాజిగిరి

మీకు బస్సు కూడా పెద్దగా అక్కర్లేదమ్మా. మౌలాలి గుట్ట మీ ఇంటి వెనకే ఉన్నట్టు లెక్క. ఎండ ఎక్కకముందే, ఏడింటికల్లా మెట్ల దగ్గర ఉండండి. పైన దర్గా ఉంది కాబట్టి తల కప్పుకోవడానికి ఓ గుడ్డ, చెప్పులు పెట్టుకోవడానికి ఓ సంచీ పట్టుకెళ్లండి.

మెట్లెక్కేటప్పుడు పిల్లలకు ఒక ప్రశ్న వేయండి. ఇంత పెద్ద బండ మీద అంత పెద్ద గుండును ఎవరు తెచ్చిపెట్టారు? రాక్షసుడంటారు, క్రేన్ అంటారు, వరద అంటారు. అననివ్వండి, జవాబు పైకెక్కాక చెప్పొచ్చు. ఎవరూ తేలేదు, అది పుట్టింది అక్కడే. హైదరాబాద్ గ్రానైట్ సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట నేల లోతుల్లో కరిగి ఉన్న రాయి మెల్లగా చల్లారితే ఏర్పడింది. పైన ఉన్న బరువంతా కాలక్రమంలో అరిగిపోయేసరికి దానికి నిలువునా అడ్డంగా నెర్రెలు పడ్డాయి. ఆ నెర్రెల్లోకి నీరు దిగింది. రాతి మూలల మీద నీరు మూడు వైపుల నుంచి పనిచేస్తుంది, అందుకే ముందు మూలలు నలుగుతాయి, రాయి గుండ్రమవుతుంది. చుట్టూ పొడిగా మారిన మట్టి వానలకు కొట్టుకుపోయాక గుండు ఒక్కటే నిలబడింది.

చవకపాటి భూతద్దం ఒకటి జేబులో వేసుకోండి. విరిగిన రాతి ముఖం మీద గాజులా మెరిసేది పలుగు, తెల్లగానో లేత గులాబీగానో ఉండేది ఫెల్డ్‌స్పార్, నల్లగా తళుక్కుమనేది అభ్రకం. చిన్నవాడికి ఈ మూడూ వెతికే పని అప్పగిస్తే మాల్ సంగతి మరిచిపోతాడు.

దిగి వచ్చాక గుట్ట కింద మహలఖా బాయి చందా సమాధి చూడండి. నిజాంల కాలపు ఉర్దూ కవయిత్రి, నర్తకి, జాగీర్లున్న మనిషి. తల్లి కోసం తాను కట్టించిన చోటే తననూ ఖననం చేశారు. గేటు వేసి ఉంటే అక్కడి కాపలాదారును అడగండి. పెద్దపాపకు ఈ కథ రాళ్లకన్నా నచ్చవచ్చు.

రిటైరై ఊరికి వచ్చేశాను. రోజూ పొద్దున చెరువు కట్ట మీద నడుస్తాను. సెలవులకు వచ్చిన మనవడు "తాతా, ఇక్కడ చూడనీకి ఏముంది?" అన్నాడు. నలభై ఏళ్లు పాఠాలు చెప్పినవాడిని, ఆ పిల్లవాడికి ఏం చెప్పాలో తోచలేదు.
– ఒక ఉపాధ్యాయుడు, జనగామ దగ్గరి పల్లె

మాస్టారూ, ఈ నెల ఉత్తరాల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది మీదే. రామప్ప, లక్నవరం, పాకాల చూపించమని చాలామంది రాస్తారు. మీరు మాత్రం ముందు మీ చెరువే చూపించండి. అది అర్థమైన పిల్లవాడికి రామప్ప చెరువు వేరే రకంగా కనబడుతుంది. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం ఎగబడుతున్నారు కానీ, ఆ పక్కనే గుడి కాలం నాటి చెరువు కట్ట మీదికి వెళ్లి తూము ఎక్కడుందని వెతికేవాళ్లు ఎందరు?

మత్తడి దగ్గర మొదలుపెట్టండి. అలుగు అని కూడా అంటారు. చెరువు నిండాక మిగులు నీరు పోయే దారి అది. మనవణ్ణి దాని మీద నిలబెట్టి, కట్ట తలతో ఎత్తు పోల్చి చూడమనండి. మత్తడి కట్టకన్నా ఎందుకు తక్కువ ఎత్తులో ఉంది? అది ఎత్తుగా ఉంటే నీరు కట్ట మీదుగా పొర్లి, మట్టికట్ట ఒక్క రాత్రిలో తెగిపోతుంది. అందుకే మత్తడిని చాలాచోట్ల కట్ట చివర, గట్టి నేల మీదో బండ మీదో పెట్టారు. మట్టి మీద పెడితే నీరు దాన్నీ కోసుకుపోతుంది. ఇది చెప్పకుండా వాడితోనే చెప్పించగలిగితే ఇంకా మంచిది. ఆ విద్య మీకు నేను నేర్పాలా!

తర్వాత తూము. పొలాలకు నీరు వదిలే చోటు. నీటిలో నిలబడ్డ రెండు రాతి స్తంభాలు, వాటి మధ్య అడ్డరాళ్లు ఉన్నాయంటే పాత తూమన్నమాట. ఇప్పుడు ఇనుప షట్టరు వచ్చి ఉండవచ్చు. కట్టకు నీటివైపు రాతి కట్టుబడి ఉంటుంది, ఊరివైపు ఉండదు. ఎందుకని అడగండి. గాలికి లేచే అలలు రోజూ ఒకే గీత మీద కొడుతుంటే మట్టి నిలవదు.

ఇంకోరోజు మత్తడి నీరు పోయే వాగు పట్టుకుని కిందికి నడవండి. అది ఎక్కువగా ఇంకో చెరువులోకే చేరుతుంది, ఆ చెరువు మత్తడి మరొకదాంట్లోకి. గొలుసుకట్టు అనేది పుస్తకంలో మాటగా కాక కాళ్ల కిందే తెలుస్తుంది. పైచెరువు తెగితే కిందివాటికి ఎందుకంత భయమో కూడా తెలుస్తుంది. ఊళ్లో నీరటి పని చేసిన కుటుంబం ఉంటే మనవణ్ణి వాళ్ల దగ్గర గంట కూర్చోబెట్టండి. ఏ మడికి ఎప్పుడు నీరు పెట్టేవారో, వంతుల కోసం ఎలా కొట్లాడేవారో వాళ్లు చెప్పినట్టు నేను చెప్పలేను. కట్ట మైసమ్మకు బోనం ఎప్పుడు పెడతారో కూడా అక్కడే అడగమనండి.

ఇక నీటి మీది పిట్టలు. గుండ్రంగా, చిన్నగా ఉండి, చూస్తుండగానే మునిగిపోయి ఎక్కడో తేలేది బుడుబుంగ. మునిగినచోటు నుంచి ఎన్ని అడుగుల దూరంలో తేలుతుందో పందెం వేసుకోవచ్చు. రెక్కలు చాచి కూర్చున్న నల్లపిట్ట నీటికాకి. దాని ఈకలు బాతు ఈకల్లా నీటిని విదిలించవు, తడిసిపోతాయి, అందుకే ఆరబెట్టుకుంటుంది. ఎండాకాలంలో కట్ట పక్క బీడులో తీతువు మీ నెత్తిమీద తిరుగుతూ అరిస్తే ఒక్క అడుగు కూడా ముందుకు వేయకండి. దాని గుడ్లు గూడు లేకుండా గులకరాళ్ల మధ్య నేల మీదే ఉంటాయి, తొక్కేదాకా కనబడవు.

వానలు పడ్డాక రమ్మని మనవడికి ఇప్పుడే చెప్పండి. చెరువు మీదికి వంగిన తుమ్మకో ఈతచెట్టుకో గిజిగాళ్ల గూళ్లు వేలాడుతుంటాయి. కట్టేది మగపిట్ట. సగం కట్టి ఆగుతుంది, ఆడపిట్ట వచ్చి చూసి ఒప్పుకుంటేనే మిగతాది పూర్తి చేస్తుంది. నచ్చక వదిలేసిన సగం గూళ్లు అదే చెట్టుకు కనబడతాయి.

ఉప్పలపాడు పక్షులు సైబీరియా నుంచి వస్తాయని మా ఊళ్లో అందరూ అంటారు. నిజమేనా? ఏ వేళకు వెళ్తే బాగుంటుంది?
– డిగ్రీ విద్యార్థి, గుంటూరు

సగం కూడా నిజం కాదు. అక్కడ మిమ్మల్ని ఆకట్టుకునే గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు మన దేశపు పక్షులే. నీరు, చేపలు ఎక్కడుంటే అక్కడికి, గూళ్లు పెట్టుకోవడానికి చెట్లు ఎక్కడుంటే అక్కడికి తిరుగుతుంటాయి. పిల్లల్ని ఇక్కడే పొదిగి పెంచుతున్నాయంటేనే తెలియడం లేదా? చలికి దూరదేశం నుంచి వచ్చే పక్షి ఇక్కడ గూడు కట్టదు, చలికాలం గడిపి వెళ్లి తన ఊళ్లో కడుతుంది. తెలినీలాపురం, నేలపట్టు గురించి కూడా ఈ సైబీరియా కథ ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. మన గడ్డమీద పుట్టిన పిట్టకు విదేశీ పాస్‌పోర్టు తగిలిస్తే తప్ప గౌరవం దక్కదేమో!

నిజంగా దూరం నుంచి వచ్చే చుట్టాలు వేరే ఉన్నాయి. హిమాలయాల మీదుగా ఎగిరివచ్చే పట్టతల బాతులు, కొల్లేటికి చేరే రకరకాల బాతులు, మధ్య ఆసియా నుంచి గుంపులుగా వచ్చి జొన్నచేల మీద పడే గులాబీ గోరువంకలు. శీతకాలంలో వాటిని వెతకండి.

ఉప్పలపాడుకు సాయంత్రం నాలుగున్నరకు చేరండి. తిండికి వెళ్లిన గుంపులు తిరిగి వచ్చే వేళ అది. గూళ్లు నిండుగా ఉండేది చలికాలం నెలల్లో. బైనాక్యులర్ లేకపోయినా ఫర్వాలేదు, అంత దగ్గరగా కనబడతాయి. అరవకండి, బాణసంచా సంగతి ఎత్తకండి. ఊరు ఆ పక్షుల్ని కాపాడుకుంటోంది కాబట్టే అవి ఉన్నాయి.

మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేరు. బీచ్‌లో కూర్చుని విసిగిపోయారు. ఆవిడతో కలిసి ఓ పూట వెళ్లగలిగేది?
– విశాఖపట్నం

తొట్లకొండ. భీమిలి దారిలో, కొండ పైదాకా బండి వెళుతుంది. 1976లో నౌకాదళం వైమానిక సర్వేలో ఈ బౌద్ధ విహారం జాడ బయటపడింది, 1988 నుంచి తవ్వకాలు జరిగాయి, రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. ఎదురుగా ఉప్పునీటి సముద్రం కనిపిస్తున్న కొండ మీద అంతమంది భిక్షువులు తాగడానికి నీరెలా? జవాబు అక్కడే రాతిలో తొలిచిన తొట్లలో ఉంది, వాననీటిని పట్టి దాచుకున్నారు. అత్తగారు నీడన కూర్చుంటే మిగతావాళ్లు స్తూపం, గదుల పునాదులు తిరిగి రావచ్చు.

దిగాక అక్కణ్ణుంచి ఇంకాస్త ముందుకు వెళ్తే ఎర్రమట్టి దిబ్బలు. సముద్రమట్టం ఇప్పటికన్నా తక్కువగా ఉన్న రోజుల్లో గాలి మోసుకొచ్చిన ఇసుక అది, ఇనుము తుప్పు పట్టి ఎర్రబడింది. 2014లో జాతీయ భూవారసత్వ స్థలమన్నారు. రోడ్డు పక్కనుంచే చూడవచ్చు. వాన పడిన రోజున లోయల్లోకి దిగకండి. గోడల మీద పేర్లు చెక్కేవాళ్లకు నేను చెప్పేది ఏమీ లేదు, వాళ్లు ఈ పేజీ చదవరు.

తొలకరి పడగానే జొన్నగిరి వైపు వజ్రాల వేటకు జనం వెళుతున్నారు కదా. పిల్లల్ని తీసుకుని ఓ రోజు సరదాగా వెళ్లవచ్చా?
– గుత్తి

వెళ్లవచ్చు, కానీ ముందు ఒక విషయం. మీరు తిరిగేది ఎవరిదో చేను. తుగ్గలి, పగిడిరాయి, జొన్నగిరి రైతులు అదే వానకు వేరుశనగ వేసుకుంటారు. విత్తనం పడ్డ చేలో అడుగుపెడితే అది వేట కాదు, తొక్కుడు. రైతును అడగండి, వద్దంటే గట్టు మీదే ఆగండి.

ఎందుకు దొరుకుతాయంటే, నూట యాభై కిలోమీటర్ల లోతు నుంచి ఎగదన్నుకొచ్చిన కింబర్లైట్ రాయి ఈ సీమలో, ముఖ్యంగా వజ్రకరూరు వైపు, అక్కడక్కడా ఉంది. అది అరిగి మట్టయితే గట్టిదైన వజ్రం మాత్రం మిగిలిపోతుంది. వాన పైమట్టిని కడిగినప్పుడు ఎప్పుడో ఒకటి పైకి తేలుతుంది. మీ పిల్లలకు దొరికేవి చాలావరకు పలుగురాళ్లే. అవి దాచుకోనివ్వండి, అందంగానే ఉంటాయి.

అక్కడిదాకా వెళ్లి ఎర్రగుడి అశోకుడి శాసనాలు చూడకుండా రాకండి. క్రీ.పూ. 3వ శతాబ్దంలో బండల మీద చెక్కిన బ్రాహ్మీ అక్షరాలు. వాటిలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, తర్వాతివి కుడి నుంచి ఎడమకు సాగుతాయి, అరక దున్నుతూ గట్టు దగ్గర తిరిగినట్టు. పొద్దున వాలు ఎండలో అక్షరాలు బాగా తేలుతాయి, మధ్యాహ్నం వెళ్తే నున్నటి బండే కనబడుతుంది. తాకకండి, సుద్ద రాయకండి.

తిరుమలకు ఏటా వెళతాం. దర్శనం తప్ప చూసేది ఇంకేమైనా ఉందా?
– కడప

ఘాట్ రోడ్డులో బస్సు కిటికీ దగ్గర కూర్చుని కొండ కోత వైపు చూడండి. కింద పొరలు లేని పాత గ్రానైట్, దాని మీద పుస్తకాల దొంతరలాంటి క్వార్ట్జైట్. రెండింటి మధ్య గీతలో ఎన్నో కోట్ల ఏళ్ల చరిత్ర చెరిగిపోయింది. పైన శిలాతోరణం కూడా ఆ క్వార్ట్జైట్‌దే. ఘాట్‌లో బండి ఆపమని డ్రైవరును బతిమాలకండి.

పాము, తేనెటీగల భయంతో మా ఆవిడ ఎక్కడికీ రానంటోంది.
– నల్లగొండ

భయం సబబే, ఇల్లు కదలకపోవడం సబబు కాదు. గడ్డిలో, రాళ్ల సందుల్లో చేయి పెట్టకండి, షూ వేసుకోండి. పాము కరిస్తే కట్టు కట్టడం, గాటు పెట్టడం, మంత్రం వద్దు. ఆ కాలో చేయో కదపకుండా ఉంచి 108కి ఫోన్ చేసి, విరుగుడు ఇంజెక్షన్ ఉండే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. కోట గోడలకు, పెద్ద బండల కింద కొండ తేనెపట్టులు ఉంటే పొగ పెట్టకండి, రాళ్లు వేయకండి, ఘాటు సెంటు పూసుకోకండి. లేచాయంటే చేతులు విసరకుండా ముఖం కప్పుకుని పరుగెత్తండి.

నన్నడిగితే ఈ రెండింటికన్నా ఎక్కువ జాగ్రత్త పాత క్వారీ గుంతల దగ్గర. నీలంగా, నిశ్చలంగా ఉండి ఫొటోలకు పిలుస్తాయి. చెరువులా ఒడ్డు మెల్లగా లోతవదు, అడుగు వేయగానే నిలువు గోడ. ఈత వచ్చినా సరే, అందులోకి దిగవద్దు.