ఒక్క బిట్టును మార్చు విద్య

వెబ్‌సైట్లు, మొబైలు యాప్‌లు నిర్మించుట తప్ప సాఫ్ట్‌వేరు రంగమున వేఱు మార్గము లేదని తలంచు విద్యార్థులకు, అందును ఎలక్ట్రానిక్స్ చదివియు తమ చదువు కొలువునకు అక్కఱకు రాదని చింతించువారికి, డివైస్ డ్రైవర్ల రచన యను వృత్తిని పరిచయము చేయుట ఈ వ్యాసోద్దేశము. హార్డ్‌వేరునకును ఆపరేటింగ్ సిస్టమునకును నడుమ నిలిచి ఒకదాని మాట వేఱొకదానికి వినిపించు ప్రోగ్రామే డ్రైవరు. చిప్పునందలి రిజిస్టర్లలోని బిట్లను చదువుటయు, వ్రాయుటయు దాని నిత్యకృత్యము.

పనిలోని మెలకువ

న్యూక్లియో ఎఫ్401ఆర్‌ఈ అను శిక్షణ బోర్డును గైకొందము. దానిపైనున్న ఆకుపచ్చని ఎల్‌ఈడీ పీఏ5 అను పిన్నునకు కలుపబడియున్నది. ఆ పిన్నును ఔట్‌పుట్‌గా చేయుటకు మోడర్ రిజిస్టరులోని 11, 10 బిట్లయందు 01 అను విలువ నుంచవలయును. అనుభవము లేనివాడు తక్కిన 30 బిట్లను సున్నలుగా నెంచి రిజిస్టరునంతయు ఒక్కమాఱే వ్రాసివేయును. పీఏ5 ఔట్‌పుట్ అగును గాని, డీబగ్గరునకు ఆధారమైన పీఏ13, పీఏ14 పిన్నులు ఇన్‌పుట్లుగా మాఱి, బోర్డుతో డీబగ్గరు సంబంధము తెగిపోవును. కావున రిజిస్టరును ముందు చదివి, మాస్కుతో ఆ రెండు బిట్లను మాత్రమే చెఱిపి, క్రొత్త విలువను బిట్‌వైజ్ ఆర్ చేసి, తిరిగి వ్రాయుట నేర్వవలయును.

అయితే ఈ మంచి అలవాటే మఱియొకచోట హాని చేయును. ఆ బోర్డుపైనున్న చిప్పులోని ఎక్స్‌టీఐ పెండింగ్ రిజిస్టరున, వేచియున్న ఇంటరప్టును చెఱుపుటకు దాని బిట్టునందు 1 వ్రాయవలయును. 0 వ్రాసిన ఫలితము లేదు. 0వ, 2వ లైన్లపై ఇంటరప్టులు వేచియున్నపుడు చివరి మూడు బిట్లు 101గా కనబడును. 0వ దానినొక్కదానినే చెఱుపదలచి, చదివి, ఆర్ చేసి, తిరిగి వ్రాసినచో 101యే వ్రాయబడి, 2వ లైను తెచ్చిన వార్త ఎవ్వరి చెవిని బడకయే నశించును. ఇచ్చట 001 అని నేరుగా వ్రాయుటయే ధర్మము.

సన్నాహము

సీ భాషలో బిట్‌వైజ్ ఆపరేటర్లు, పాయింటర్లు, వోలటైల్ అను పదము ప్రయోజనము మొదట క్షుణ్ణముగా నభ్యసింపవలయును. ఇంటర్వ్యూలలో ఒక బిట్టును సెట్, క్లియర్, టాగుల్ చేయుమనుట పరిపాటి. పిదప లినక్స్ కెర్నల్‌లోని రీడ్‌ఎల్, రైట్‌ఎల్ ఫంక్షన్లను, బిట్, జెన్‌మాస్క్ మాక్రోలను పరిశీలింపవలయును. 2005లో వెలువడిన ‘లినక్స్ డివైస్ డ్రైవర్స్’ మూడవ కూర్పు ఉచితముగా లభించును. కొన్ని భాగములు పాతబడినను దాని మూలసూత్రములు నేటికిని ఉపకరించును. క్రమశిక్షణతో చదువగోరువారికి సీ-డాక్ సంస్థ సీ-క్యాట్ ప్రవేశపరీక్ష ద్వారా ఎంబెడెడ్ సిస్టమ్స్ డిజైన్ పీజీ డిప్లొమా నడుపుచున్నది.

అవకాశములు

చిప్పులు, వాహనములు, వైద్యపరికరములు, నెట్‌వర్క్ సాధనములు రూపొందించు సంస్థలలో ఫర్మ్‌వేర్ ఇంజనీరు, డివైస్ డ్రైవర్ ఇంజనీరు కొలువులు కలవు. హైదరాబాదు, బెంగళూరు నగరములు ఇట్టి పనికి నెలవులు.

విద్యార్థులారా! ఆ చిప్పు రిఫరెన్స్ మాన్యువలులో బిట్ల క్రింద ఆర్‌డబ్ల్యూ, ఆర్‌సీ_డబ్ల్యూ1 వంటి చిన్న యక్షరములు ముద్రించియుందురు. మొదటిది చదివి వ్రాయదగిన బిట్టు. రెండవది 1 వ్రాసి చెఱుపవలసిన బిట్టు. కోడు వ్రాయుటకు ముందే ఆ యక్షరములను మీ నోటుపుస్తకమున దింపుకొనుడు. పైన చెప్పిన రెండు ప్రమాదములలో రెండవదానిని అవియే తప్పించును. మొదటిదానిని, నాది కాని బిట్టును తాకనను మీ నియమము తప్పించును.