ఎర్ర కడుపులో ప్లాస్టిక్‌ను లెక్కపెట్టేవారికి

జువాలజీ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. మిర్చి తోటల్లో మల్చింగ్ షీటు పరుస్తున్నారు కదా, ఆ ప్లాస్టిక్ ముక్కలు ఎర్రల (వానపాముల) కడుపులోకి పోతున్నాయా అని అడుగుతూ పిల్లలు వస్తుంటారు. వాళ్లకు చెప్పేవే ఇవి.

1. ముందు చేను చూడండి. 5 మిల్లీమీటర్ల లోపు ముక్కను మైక్రోప్లాస్టిక్ అంటాం. మల్చింగ్ షీటు మందం 25, 30 మైక్రాన్లు. ఎండకు పెళుసెక్కి, పంటయ్యాక లాగితే చినిగిపోతుంది తప్ప మొత్తం రాదు. మిగిలింది దుక్కిలో పీలికలవుతుంది. కాయలు ఆరబోసే పట్టాలు, ఎరువు బస్తాల పోగులు కూడా ఆ మట్టిలోకే చేరతాయి.

2. ఎర్రను తవ్వగానే కోయొద్దు. దాని కడుపు నిండా నల్లరేగడే. తడి ఫిల్టర్ పేపరు మీద ఒక రోజు ఉంచితే విసర్జిస్తుంది. విసర్జించిన మట్టిలో దొరికిందీ, ఒంట్లో మిగిలిందీ వేర్వేరుగా రాసుకోండి.

3. ఆ ఎర్రను 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో 40 డిగ్రీల దగ్గర రెండు రోజులు ఉంచితే మాంసం కరుగుతుంది, పాలిథిలిన్ మిగులుతుంది. తొందరపడి గాఢ నైట్రిక్ యాసిడ్ పోస్తే నైలాన్ కూడా పోతుంది. తర్వాత చిక్కటి ఉప్పునీళ్లలో తేల్చాలి. చినగంజాం కళ్లుప్పయినా, ప్యాకెట్ ఉప్పయినా కరిగించి వడకట్టాకే వాడండి. మన దేశపు ఉప్పులోనే మైక్రోప్లాస్టిక్ ఉందని ఐఐటీ బాంబే పరిశోధకులు 2018లో చూపించారు. ఇంకో సంగతి: ఉప్పునీటి సాంద్రత 1.2, పాలిస్టర్‌ది 1.38. అది అడుగునే ఉండిపోతుంది. దానికి జింక్ క్లోరైడ్ ద్రావణం కావాలి.

4. మన జిల్లాల్లో అసలు చిక్కు పత్తితో. జిన్నింగ్ మిల్లు గాలి, మన చొక్కా, తుడిచే గుడ్డ, అన్నీ నూగు రాలుస్తాయి. మైక్రోస్కోపులో పత్తిపోగు చదునుగా, మెలికలు తిరిగి ఉంటుంది; పాలిస్టర్ పోగు ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే లావు. అయినా కంటిని నమ్మి ఊరుకోవద్దు. ఇన్‌ఫ్రారెడ్ పరీక్షలో పత్తీ రేయానూ ఇంచుమించు ఒకేలా పలుకుతాయి, రెండూ సెల్యులోజే కాబట్టి. ల్యాబులో నూలు కోటే వేసుకోండి, అదీ ఒకే రంగుది. రాలినా మీదేనని తెలుస్తుంది. ఎర్ర ఉన్న గాజుపాత్ర పక్కనే ఎర్ర లేని పాత్ర పెట్టి, అవే మందులు పోసి, అంతే సేపు ఉంచండి. అందులో దొరికినవి మీ గదివి.

5. ప్లాస్టిక్‌ను గుర్తించడానికి నైల్ రెడ్ అద్దకం చవక. కానీ అది కొవ్వుకూ అంటుకుంటుంది.

6. ముక్కల లెక్క వేరు, బరువు వేరు. 2022లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు 22 మంది రక్తం పరీక్షిస్తే 17 మందిలో ప్లాస్టిక్ కనిపించింది. వాళ్లు ముక్కలు లెక్కపెట్టలేదు. వేడితో విడగొట్టి బరువు కట్టారు. ఆ పద్ధతిలో శరీరంలోని కొవ్వు కూడా పాలిథిలిన్ లాగా కనపడగలదు. మీ ఎర్రల అంకెను ఆ అంకె పక్కన పెట్టి పోల్చకండి.

7. ఎఫ్‌టీఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) మైక్రోస్కోపు సుమారు 10, 20 మైక్రాన్ల దాకా, రామన్ మైక్రోస్కోపు దాదాపు ఒక మైక్రాన్ దాకా చూస్తాయి. ‘లేదు’ అని రాసేచోట ఎంత సైజు దాకా వెతికారో రాయండి. ఎర్ర లేని పాత్ర లెక్క జతచేయని రిపోర్టు మాత్రం నా దగ్గరకు తేవద్దు, చదవను.