కొత్త ల్యాప్‌టాప్ కొనే ముందు: ప్రాసెసరా, డిస్కా?



పన్నెండో తరగతి కంప్యూటర్ సైన్స్ పిల్లలు పైథాన్, మైఎస్‌క్యూఎల్‌తో ప్రాజెక్టులు చేస్తున్నారు. "మా వాడి ల్యాప్‌టాప్ స్లో అయింది, ఐ7 కొనమంటారా?" అని పేరెంట్స్ మీటింగులో అడుగుతున్నారు. అంత డబ్బు పెట్టే ముందు కాస్త ఆగండి.

డేటాబేస్‌ను ఒక ఆఫీసు అనుకోండి. ప్రాసెసర్ గుమాస్తా, ర్యామ్ ఆయన బల్ల, డిస్క్ వెనకున్న రికార్డు రూము. కావలసిన ఫైలు బల్ల మీద లేకపోతే, అటెండర్ తెచ్చేదాకా గుమాస్తా ఎంత చురుకైనవాడైనా ఊరికే కూర్చోవలసిందే.

ఎంతసేపు? 7200 ఆర్‌పీఎం హార్డ్ డిస్క్ ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. సగటున అరచుట్టు ఆగాలి. హెడ్ సరైన చోటికి జరగడానికి మరో 8, 9. మొత్తం దాదాపు 12 మిల్లీసెకన్లు. మనకిది రెప్పపాటు కూడా కాదు. 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు మాత్రం ఆలోగా 3 కోట్ల 60 లక్షల టిక్కులు గడిచిపోతాయి! ల్యాప్‌టాప్‌లలో తరచూ ఉండే 5400 డిస్క్ ఇంకా నెమ్మది. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగాలే లేవు కాబట్టి అదే పని సుమారు 0.1 మిల్లీసెకనులో అవుతుంది.

రాసేటప్పుడు మరీ తెలుస్తుంది. మైఎస్‌క్యూఎల్ మామూలు సెట్టింగులో, ప్రతి కమిట్‌కూ ఆ మార్పు డిస్కుకు చేరాకే ముందుకు సాగుతుంది. కరెంటు పోయినా రికార్డు పోకూడదు కదా. వెయ్యి మంది విద్యార్థుల వివరాలు ఒక్కొక్క కమిట్‌తో ఎక్కిస్తే హార్డ్ డిస్కు మీద పది, ఇరవై సెకన్లు పట్టవచ్చు. లూప్ లోపలి కమిట్‌ను బయటికి తెస్తే ఆ ఎదురుచూపు దాదాపు పోతుంది, రూపాయి ఖర్చు లేకుండా. రెండు విధాలా చేసి, పట్టిన సమయం రిపోర్టులో రాయమనండి. వైవాలో పనికొస్తుంది.

మరి ప్రాసెసర్‌తో పనే లేదా? ఉంది. డేటా అంతా ర్యామ్‌లో పట్టి, లక్షల వరుసలను సార్ట్ చేయాల్సి వస్తే దాని వేగమే ముఖ్యం.

ప్రాజెక్టు నడుస్తుండగా కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ చూడండి. డిస్క్ 100 శాతం, సీపీయూ పది శాతం ఉంటే ఎస్‌ఎస్‌డీ వేయించండి. మెమరీ నిండిపోతే ర్యామ్ పెంచండి. సీపీయూయే 100 దగ్గర నిలబడితే అప్పుడు ఐ7 మాట ఆలోచిద్దాం.

డిస్క్ మార్పించే ముందు ఒక జాగ్రత్త: పైథాన్ ఫోల్డరు కాపీ చేస్తే టేబుళ్లు రావు. వాటిని మైఎస్‌క్యూఎల్‌డంప్‌తో విడిగా తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాకే షాపుకు ఇవ్వండి.